గేరు రాడ్డుతో నడిచిన ఆట

పోయిన గురువారం పొద్దున నరసరావుపేట నుంచి మేస్త్రి బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న పోయాడు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నాడు. అంతే," అన్నాడు. ఏడ్చాను. ఏడుస్తూనే ఆ గ్లాసు సంగతికి నవ్వొచ్చింది. తను తాగిన గ్లాసు ఏనాడూ ఇంకొకరి చేత కడిగించుకున్న మనిషి కాదాయన.

మీకు ఆయన తెలియదు. లారీల మేస్త్రి. నరసరావుపేటలో అప్పట్లో మేమున్న అద్దె ఇంటి గోడను ఆనుకొనే ఆయన షెడ్డు. చుట్టమేమీ కాదు. నేను కాపురానికొచ్చిన మొదటి వారం మా కుళాయి బాగుచేసి పెడితే బాబాయ్ అన్నాను, ఆ పిలుపు అట్లాగే ఉండిపోయింది. పని చేసేటప్పుడు నట్లు పెదాల మధ్య పెట్టుకొని మాట్లాడేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అర్థం కాలేదంటే మళ్ళీ కోపం. "ముందు ఊపి చూడు, తర్వాత ఇప్పు" అని అందరికీ చెప్పేవాడు. లారీ ఇంజనైనా, మా తలుపు గడియైనా, నొప్పి పెడుతున్న తన పన్నయినా అదే పద్ధతి.

ఎనభైల చివర్లో సంగతి ఇది. మా అత్తగారు నన్ను కుట్టుమిషను పెట్టుకోమన్నారు. నేను మొండికేసి వీధిగదిలో వీడియో గేము పెట్టించాను. లారీ డ్రైవరైన మా ఆయన నా పోరు పడలేక, మద్రాసులో నాపరాళ్ళ లోడు దించి, తిరుగు ట్రిప్పులో ఒక పాత పెట్టె తెచ్చాడు. బీరువా అంత ఉండేది. అందులో ఒకటే ఆట. పైనుంచి శత్రువుల ఓడలు దిగుతుంటాయి, కింద మన ఓడను నాలుగు పక్కలా జరుపుతూ వాటిని కాల్చాలి. ఆడమనిషి బొమ్మలాట దుకాణం పెట్టిందని వీధంతా నవ్వినా, రెండు నెలలు బాగానే నడిచింది.

శివరాత్రి పది రోజులుందనగా ఓడను జరిపే హ్యాండిలు మొదలంటా విరిగింది. మద్రాసుకు ట్రంకాల్ చేస్తే సామాను రావడానికి నెల పడుతుందన్నారు. మా ఆయన ఒకటే మాట చెప్పాడు. "కోటప్పకొండ తిరనాళ్ళ జనం వచ్చే రోజు గూడా మూసుకోని కూర్చుంటే ఇంకెప్పుడు నడుస్తదే అది? శివరాత్రి దాకా చూస్తా. ఆ తర్వాత పెట్టె అమ్మేసి కుట్టుమిషను తెస్తా." నాకేమో సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు.

బాబాయిని పిలుచుకొచ్చాను. ఆయన పద్ధతి ప్రకారం ముందు పెట్టెను ఊపాడు. తర్వాత ఇప్పి లోపలికి చూశాడు.

"ఓస్, ఇంతేనా! పుల్ల అటు వంచితే ఈ రేకులు తగలాల, ఇటు వంచితే ఆ రేకులు తగలాల. దీనికి మద్రాసెందుకమ్మాయ్?"

పాత టార్చిలైట్లలోంచి ఇత్తడి రేకులు పీకాడు. పనికిరాని గేరు రాడ్డును జానెడు కోశాడు, దాని గుండు దానికే ఉంచాడు. కాల్చే మీటకు లారీ హారన్ బటన్ పెట్టాడు. రెండు రోజుల్లో తెచ్చి బిగించాడు. నేను ఎడమకు వంచాను, ఓడ ఎడమకు పోయింది. చెయ్యి వదిలాను. పుల్ల వంగింది వంగినట్టే ఉంది, ఓడ పోయి తెర అంచుకు కరుచుకుంది.

"బాబాయ్, వదిలితే మధ్యకు రావాలి."

"ఎందుకొస్తది? వేసిన గేరు వేసినట్టుండాల. దానంతటది ఊడొచ్చే గేరైతే మీ ఆయన ఈపాటికి ఏ ఘాట్ రోడ్డు లోయలోనో ఉండేవాడు!"

"ఇది ఆట బాబాయ్, లారీ కాదు. నీకు తెలియదులే," అనేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చిన్నబోయింది. పోసిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మూడు రోజులు మా గడప తొక్కలేదు. నాకు అన్నం సహించలేదు, పెట్టె కోసం కొంత, ఆయన కోసం కొంత.

నాలుగో రోజు షెడ్డుకు వెళ్ళాను. బాబాయి లారీ కింద ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను.

"నేను సరిగ్గా చెప్పలేదు బాబాయ్. అది గేరు కాదు, హారను. నొక్కినంతసేపే మోగాలి, వదిలితే ఆగిపోవాలి."

లారీ కింద పెద్ద నవ్వు, నోట్లో నట్లు గచ్చు మీద రాలిన చప్పుడు.

"దీని దుంపతెగ! నాలుగు పక్కలా నాలుగు హారన్లు! ఆ ముక్క మొదట్లోనే చెప్పొద్దూ?" అంటూ పాక్కుంటూ బయటికొచ్చాడు. "సరేలే, నేనే చెడగొట్టా, నేనే బాగుచేస్తా. మధ్యలో నీకెందుకా ఏడుపుమొహం?"

తన తప్పును అంత తేలిగ్గా ఒప్పుకున్న మగమనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా పెద్దగా చూసింది లేదు. సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి, రాడ్డును నాలుగు పక్కలా లాగి కట్టాడు. వదిలితే టక్కున మధ్యకు వచ్చింది.

శివరాత్రి పొద్దున, కొండకు పోయే బస్సుల కోసం వచ్చిన జనం మా గది ముందు చేరారు. మా ఆయన పెట్టె కొనే మనిషిని వెంటబెట్టుకొని వచ్చి, గుంపు దాటి లోపలికి రాలేక గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"ఏమే, ఇంతమందేంది? ఆడేదెవరు?"

"బాబాయ్. ట్రయలు చూస్తానని కూర్చున్నాడు. గంటయింది, లేవట్లా."

మా ఆయన మునివేళ్ళ మీద లేచి లోపలికి చూశాడు. చానాసేపు చూశాడు. ఆ తర్వాత వచ్చిన మనిషి వైపు తిరిగి, "ఇది అమ్మేది కాదులే అన్నా, ఏమనుకోమాక," అన్నాడు.

ఆ దుకాణం మరో ఆరేళ్ళు నడిచింది. ఆ గది తర్వాత ఎస్టీడీ బూత్ అయింది, జిరాక్స్ అయింది. ఆ ఊళ్ళో నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే అది ఆయన చలవే. ఈ నాలుగు రోజులుగా కళ్ళు మూసుకుంటే బాబాయే కనిపిస్తున్నాడు. గడ్డం తెరకు ఆనేంత ముందుకు వంగి, ఓడ ఎటు పోతే అటు ఒళ్ళంతా వాల్చుతూ, శత్రువు ఎదురొచ్చినప్పుడల్లా కుడికాలితో మా గచ్చు మీద గట్టిగా బ్రేకు తొక్కుతున్నాడు.