దిండ్లు సర్దు చాలు

కిందటి నెల కర్నూలులో మా అక్కకు కిడ్నీలో రాయి తీసే ఆపరేషనుకు ముందురోజు, మత్తు ఇచ్చే కుర్ర డాక్టరు మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుని, "ఇంట్లో ఎట్ల పండుకుంటావమ్మా" అని అడిగాడు. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకోనిదే ఊపిరాడదని అక్క చెప్పగానే, అయితే బోర్లా వద్దు, వెల్లకిలానే ఉంచి నడుము కింద ఒక పక్క ఎత్తు పెట్టి తీద్దామని కేసు షీటులో రాసుకుని వెళ్లాడు. అంత మంచి మాటకు సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండిపోయింది.

నాలాగా నర్సు ఉద్యోగం చేసి రిటైరైన వాళ్లకు తెలుసు, మా రోజుల్లో ఈ ఆపరేషనంటే బోర్లానే. మత్తు ఇచ్చాక మనిషిని నలుగురం పట్టి తిప్పి, ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెట్టేవాళ్లం. లావు మనిషా, గూని మనిషా అని ఎవరూ చూసేవారు కాదు. నేను చేరిన కొత్తలో వేంపల్లె వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, బతుకంతా నాపరాళ్ల గనిలో దుమ్ము మింగినవాడు. ఆయాసముందా అని పెద్ద డాక్టరు అడిగితే లేదు సార్ అన్నాడు. ఉందంటే మళ్లీ వెనక్కి పంపుతారని భయం, అప్పటికే రెండుసార్లు పంపారు. ఆయన భార్య మాత్రం నన్ను వరండాలోకి పిలిచి, "పండుకుంటే ఊపిరాడదు తల్లీ, గోడకానుకోని కూచోనే నిద్రపోతాడు, సారుకు నువ్వన్నా చెప్పు" అంది.

చెప్పాను. థియేటర్లో అందరి ముందూ చెప్పాను. పెద్ద డాక్టరు తల కూడా ఎత్తకుండా, నువ్వు దిండ్లు సర్దు చాలన్నాడు. సర్దాను. ఆయన మీద కోపం ఒక పాలైతే, నోరు మూసుకుని ఆ మనిషి భుజం పట్టి తిప్పిన నా మీద రెండు పాళ్లు. తిప్పిన కాసేపటికే ఊపిరి తగ్గిపోయింది, నాడి అందలేదు, హడావిడిగా మళ్లీ వెల్లకిలా తిప్పేసరికి ఆలస్యమైంది. రాయి లోపలే ఉండిపోయింది, మనిషి మూడో రోజు పోయాడు. గుండె జబ్బని కాగితంలో రాశారు. ఆయన భార్య బట్టల మూట చంకన పెట్టుకుని వెళ్తూ నా దగ్గర ఆగి, "నీకు చెప్తిని గదమ్మా" అని మాత్రం అంది.

మా అక్క ఇప్పుడు ఇంట్లో హాయిగా తిరుగుతోంది. రోజులు మారాయి, కొత్త మిషన్లు వచ్చాయి అంటారంతా. ఎట్ల పండుకుంటావని అడగడానికి మిషనెందుకు? అలాంటి స్టూలు మా వార్డులోనూ ఉండేది. దాని మీద మందుల ట్రే పెట్టుకునేవాళ్లం.