ఇల్లు చూసుకోవడానికి వచ్చినవారికి ఊరు చూపించాను

1983 వేసవి. టాటానగర్ స్టేషన్ బయట టాక్సీ స్టాండులో నాకో అంబాసిడర్ కారు ఉండేది. మా నాన్న రైల్వేలో కలాసీ. నేనూ రైల్వేలోనే చేరతానని ఇంట్లో అందరూ అనుకున్నారు గాని నాకు స్టీరింగ్ మీద మోజు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రైలు దిగిన మనవాళ్ళు చుట్టూ హిందీ వినగానే బెదిరిపోయేవారు. అప్పుడు "ఎక్కడికెళ్ళాలి బాబూ?" అని తెలుగులో అడిగే డ్రైవరు దొరికితే వాళ్ళకి ప్రాణం లేచొచ్చేది. అలా నా బతుకు బాగానే గడిచింది.

బంధువులొస్తే ఊరు తిప్పి చూపించడాన్ని మా స్టాండులో 'లోకల్ రౌండ్' అనేవాళ్ళం. అందులో టికెట్టు కొని చూసేవి కొన్ని, ఊరికే చూసేవి కొన్ని. డిమ్నా సరస్సులో పడవ షికారుకి డబ్బు కట్టాలి. పార్కులో గులాబీ తోట, రంగుల ఫౌంటెన్లు, ఖర్కాయి నది వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటు, బిష్టుపూర్‌లో మనవాళ్ళ రామాలయం, ఇవన్నీ ఊరికే. ఏది ముందు చూపించాలో, ఎక్కడ టీ తాగించాలో, ఏ మలుపులో కారు నెమ్మది చేస్తే దల్మా కొండ బాగా కనిపిస్తుందో అంతా నాకో లెక్క ఉండేది. నా రౌండ్ చూసి నోరు తెరవనివాళ్ళు లేరని నాకు కొంచెం గర్వం కూడా.

ఆఖరున చూపించేది స్లాగ్. ఊళ్ళోని ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుప రాయిని కరిగించినప్పుడు పైకి తేలే మడ్డిని స్లాగ్ అంటారు. అది చల్లారకముందే గంగాళాల్లాంటి పెద్ద పెద్ద 'లేడిల్స్'లో నింపి, రైలింజనుతో లాక్కొచ్చి దిబ్బ మీంచి ఒంపేస్తారు. మునిమాపు వేళ ఆ ఎర్రటి ధార జారుతుంటే సగం ఆకాశం కుంకుమ రంగుకి తిరుగుతుంది. కొత్తవాళ్ళు చేతులు జోడించి చూసేవారు. ఊళ్ళో పుట్టిన పిల్లలైతే తలెత్తి కూడా చూడరు. అది వాళ్ళకి రోజూ పొద్దుగుంకినట్టే.

ఆ వేసవిలో భుయ్యాడీహ్‌లో ఉండే కూర్మయ్య నా దగ్గరికొచ్చాడు. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు, మా నాన్నకి దూరపు చుట్టం. అతని కొడుకు రమణకి గోవింద్‌పూర్ దగ్గర లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ఉద్యోగం వచ్చింది. టెక్కలి దగ్గర పల్లె నుంచి సంబంధం కుదిరేలా ఉంది. పిల్ల తండ్రి పైడయ్య, అతని అక్క నరసమ్మ ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు.

ఇల్లు చూసుకోవడమంటే మాలో పెద్ద తంతు. పిల్లని ఇచ్చేముందు ఆడపిల్లవాళ్ళు వచ్చి కుర్రవాడి ఇల్లు, వాకిలి, నీళ్ళ వసతి, ఇరుగుపొరుగు అన్నీ చూస్తారు. నచ్చితే కూర్చుని భోజనం చేస్తారు. చేయి కడుక్కున్నారంటే సంబంధం ఖాయమైనట్టే. నచ్చకపోతే మంచినీళ్ళు మాత్రం తాగి, పనుందని లేచి వెళ్ళిపోతారు. ఎవరూ ఒక్క మాటా అనరు.

"బావూ, ఆల్లని సీకటడే యేలకే ఇంటికి అట్రా," అన్నాడు కూర్మయ్య. "ఎలుగులో మా సందు సూసినారంటే నీళ్ళు తాగీసి లేసిపోతారు."

"ఇల్లు చూసుకోడానికి వచ్చినవాళ్ళకి ఇల్లు తప్ప అన్నీ చూపించమంటావా?"

"అదే మరి నీ పని. పార్కు సూపించు, బోటెక్కించు. ఊరు సూసి మురిసిపోనాక ఇల్లేటి సూత్తారు?"

"మరి స్లాగ్?"

"అదేటి సూపిత్తావు, మా ఇంటెనకాలే కదేటి, రోజూ పోత్తారు," అని తీసిపారేశాడు. అందుకని వచ్చినవాళ్ళ దగ్గర నేనూ దాని ఊసెత్తలేదు.

వాళ్ళు రైలు దిగిన రోజు కూర్మయ్య, రమణ కూడా నా కారెక్కారు. పైడయ్య అమాయకుడు. బిష్టుపూర్ రోడ్డు వెడల్పు చూసే "దేవలోకంలాగుంది బావా!" అని కూర్మయ్య భుజం చరిచాడు. నరసమ్మ వేరు. సన్నగా, చీపురుపుల్లలా నిటారుగా ఉండేది. ఎడమ చేయి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలి ముడతపడి ఉంది. కొంగు దాని మీదికి లాక్కుని కూర్చుంది. రమణ నా పక్క సీట్లో బిగుసుకుపోయి కూర్చున్నాడు. వాళ్ళేమడిగినా భయంతో "జీ, జీ" అని హిందీలోనే తలూపుతున్నాడు.

డిమ్నాలో పడవ దగ్గరికి తీసుకెళ్ళాను. కూర్మయ్య టికెట్లకి పరుగెత్తబోయాడు.

"నీటి మీద తిరగడానికి డబ్బులేటి?" అంది నరసమ్మ. "మా ఊర్ల సేపలోలు ఊరికే ఎక్కించుకుంతారు. నానెక్కను."

పార్కులో గులాబీలు చూపించాను. "కోసుకోనిత్తారేటి?" అంది.

"కోస్తే కాపలావాడు ఊరుకోడమ్మా."

"తల్లో ఎట్టుకోని పువ్వు పువ్వేటి బావూ!"

నా మనసు చివుక్కుమంది. పదేళ్ళుగా ఎందరికో చూపించిన తోట అది. ఎక్కడికి తీసుకెళ్ళినా ఆవిడ ఒకే మాట అడిగేది. "ఇల్లెప్పుడు సూపిత్తారు?" కూర్మయ్య నా వైపు దీనంగా చూసేవాడు. నేను గేరు మార్చి ఇంకో వీధిలోకి తిప్పేవాడిని.

సాక్చీలో టీకి ఆగినప్పుడు పైడయ్య నాతో మెల్లగా చెప్పాడు. "మా అప్ప మాటకి ఎదురు సెప్పలేను బావూ. నా కూతురు ఉయ్యాల్లో ఉండగా ఎండల్లో మా ఈది అంటుకున్నాది. తాటాకిల్లు కదా, గాలికి ఒకదాని మీంచి ఒకదానికి పాకీసింది. నాను పొలంలో ఉన్నాను. మా అప్పే లోపలికెల్లి పిల్లని తీసుకొచ్చింది. ఆ సెయ్యి అప్పుడు కాలిందే. కన్నోలం మేమే గాని, పిల్లని దక్కించింది ఆవిడ. ఆవిడ ఇమ్మంతే ఇత్తాను, ఒద్దంతే ఒద్దు."

మునిమాపు వేళకి భుయ్యాడీహ్ చేరాం. సందులోకి కారు పట్టదు. మొగలోనే ఆపి, సామాను పట్టుకుని నేనూ వెంట నడిచాను. కుళాయి వచ్చే వేళ కావడంతో ఆడవాళ్ళు బకెట్లతో వరసలో నిలబడ్డారు. కూర్మయ్యది పెంకుటిల్లు, రెండు గదులు, ముందు చిన్న వసారా. లోపల వంట ఘుమఘుమలాడుతోంది. పక్కింటి ఒడియా అమ్మాయి కుళాయికి వెళ్తూ తన చంటిపిల్లని కూర్మయ్య ఇంట్లో మంచం మీద పడుకోబెట్టి వెళ్ళింది.

పైడయ్య చేతికి నీళ్ళ చెంబు ఇచ్చారు. ఇంటి వెనక ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడింది.

మాకెవరికీ ఏమీ అనిపించలేదు. అది మాకు సాయంత్రపు సంగతి. పైడయ్య మాత్రం తలెత్తి చూశాడు, చెంబు వదిలేశాడు, సందులోకి దూకి గొంతు చించుకుని అరిచాడు.

"ఇల్లంటుకున్నాది! గొడ్లిప్పండ్రోయ్! గొడ్లిప్పండి!"

వాళ్ళ పల్లెలో ఆకాశం ఆ రంగుకి తిరిగితే దానికి ఒకటే అర్థం. ముందు పశువుల కట్లు విప్పాలి, తర్వాత నీళ్ళు. ఎవరో ఆ కేకని హిందీలో "ఆగ్! ఆగ్ లగీ!" అని అందుకున్నారు. సందు చివర పాలమ్మే మిశ్రీలాల్‌కి తెలుగు ముక్క రాదు. పైడయ్య రెండు చేతులతో విప్పండి విప్పండి అని చూపిస్తుంటే అతను నిజంగానే గేదెల కట్లన్నీ కోసేశాడు. కుళాయి దగ్గర వరస విరిగిపోయింది. ఆడవాళ్ళు నిండు బకెట్లు ఎత్తుకుని పరుగెత్తారు. ఎవరిల్లో అడిగినవాళ్ళు లేరు, పైడయ్య వేలు ఎటు చూపిస్తే అటు నీళ్ళు కొట్టారు. ఆ వేలు కూర్మయ్య పెంకుల వైపు ఉంది.

"అరే, స్లాగ్ హై! స్లాగ్ హై!" అని రమణ ఎగిరెగిరి అరుస్తున్నాడు. వినేవాడెవడు? గేదెలు మధ్యలోంచి దూసుకుపోతున్నాయి. ఒక గేదె నా కారుని రాసుకుంటూ పోయింది. ఆ గీత కారు అమ్మేసేదాకా అలాగే ఉంది.

ఇంతలో నరసమ్మ ఇంట్లోంచి బయటికొచ్చింది. ఆవిడ ఎప్పుడు లోపలికి పరుగెత్తిందో నేను చూడలేదు. ఒడియావాళ్ళ చంటిపిల్లని కొంగులో చుట్టి, కాలిన చేత్తోనే గుండెకి అదుముకుని, సందు మధ్యలో నిలబడింది. పిల్ల హాయిగా నిద్రపోతోంది.

నేను దగ్గరికెళ్ళి, "అమ్మా, ఇల్లు అంటుకోలేదు. ఇనుము కరిగించాక మిగిలిన మడ్డి అది. రోజూ అక్కడ పారబోస్తారు, దాని వెలుగే," అని రెండు మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆవిడ నా మొహంలోకి చూసింది.

సంగతి అందరికీ అర్థమయ్యేసరికి బకెట్లన్నీ ఖాళీ అయ్యాయి. పైడయ్య సిగ్గుతో తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఎవరైనా నవ్వుతారేమోనని నాకే భయమేసింది. ఎవరూ నవ్వలేదు. మిశ్రీలాల్ వచ్చి పైడయ్య చెయ్యి పట్టి లేపి, "కోయీ బాత్ నహీ, భయ్యా. మేరే గావ్ మే భీ ఐసా హువా థా," అన్నాడు. ఫరవాలేదు, మా ఊళ్ళోనూ ఇలాగే అయిందని. ఒడియా అమ్మాయి ఖాళీ బకెట్టుతో వచ్చి, నరసమ్మ కొంగులో తన పిల్లని చూసి, ఆ కాలిన చేతిని చూసింది. పిల్లని తీసుకోకుండా ముందు వంగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టింది.

కూర్మయ్య మొహంలో నెత్తురు లేదు. వసారాలో బురద, తడిసిన దుప్పట్లు, పెంకుల సందుల్లోంచి కారే నీళ్ళు. పగలంతా దాచిన ఇల్లు ఇలా కనిపించింది. "అయిపోనాది బావూ," అన్నాడు నా చెవిలో.

నరసమ్మ పిల్లని తల్లికిచ్చి, వసారా అంచు మీద కూర్చుంది. ఎర్రటి ఆకాశం వైపు చూసింది. తర్వాత సందులో నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కరినీ చూసింది.

"ఈలందరూ ఎవులు?" అంది.

కూర్మయ్య తడబడుతూ చెప్పాడు. "ఆడు సాప్రా జిల్లావోడప్పా, పాలమ్ముతాడు. ఈ యమ్మాయిది ఒరిస్సా. ఆ ముసిలాయన బెంగాలీ. మనోలు నాలుగిల్లే ఉన్నాం."

"మీ సుట్టాలు కాదేటి?"

"కాదప్పా."

"మా ఇల్లు కాలిన్నాడు పక్క ఈదోలు గట్టు మీద నిలబడి సూసినారు," అంది నరసమ్మ. "జాతర కాడ మాటా మాటా అయిందని. అందరూ మా సుట్టాలే. ఒక్క కడవ నీళ్ళు తేలేదు."

ఆవిడ కాళ్ళు తుడుచుకుని లేచింది.

"ఆకలేత్తంది. అన్నం ఎట్టండి."

లోపల్నుంచి కూర్మయ్య భార్య ఏడుపు గొంతుతో, "అన్నంలో పైనించి నీళ్ళడిపోనాయొదినా," అంది.

"నీళ్ళడితే గంజన్నం తిందుం. ఎట్టండి."

నాకూ విస్తరి వేశారు. తడిసిన అన్నంలో కోడికూర అంత రుచిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. మిశ్రీలాల్ గేదెలన్నిటినీ తోలుకొచ్చేసరికి మా భోజనాలు అయిపోయాయి. అతను పెళ్ళికి పాలన్నీ నావే అని ప్రకటించాడు.

పెళ్ళయ్యాక కొత్త కోడలిని స్టేషన్ నుంచి ఇంటికి తీసుకొచ్చిందీ నేనే. భుయ్యాడీహ్ దారి పట్టేసరికి మళ్ళీ ఆకాశం ఎర్రబడింది. ఈసారి తప్పు జరగనివ్వకూడదని గబగబా మొదలుపెట్టాను. "అమ్మా, అది చూసి భయపడకు, స్లాగ్ అంటారు..."

"తెలుసన్నయ్యా," అంది ఆ పిల్ల అద్దంలోంచి బయటికి చూస్తూ. "మా నరసమ్మత్త సెప్పింది. అదొచ్చినప్పుడు బయపడొద్దు, నువ్వూ ఒక బకెట్టు అట్టుకొని బయటికి రా అన్నాది."

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు రౌండ్లు తిప్పాను. పార్కూ చూపించాను, పడవా ఎక్కించాను. కానీ కారు ఎక్కినవాళ్ళని ముందుగా ఒక మాట అడగడం ఆ పెళ్ళివారి వల్లే అలవాటైంది. మీరేం చూడాలని ఇంత దూరం వచ్చారు అని అడుగుతాను. వాళ్ళు చెప్పిన చోటికే ముందు తీసుకెళ్తాను, అది ఎంత ఇరుకు సందైనా సరే.