పసుపు నీళ్ల పందెం

మిరప చేలో పురుగుమందు ఒంటికి తగలకుండా కొట్టడం ఎలాగో రైతులకు నేర్పడం నా ఉద్యోగం. దర్శి దగ్గర ఒక ఊళ్లో తెర మీద బొమ్మలు చూపిస్తూ గంటసేపు గొంతు చించుకున్నాను. ముందు వరుసలోనే గురకలు మొదలయ్యాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు తెర చుట్టి పక్కన పడేసి, అందరినీ చేలోకి తీసుకెళ్లి ఆట పెట్టాను.

స్ప్రేయర్లో మందుకు బదులు పసుపు నీళ్లు. తలా ఒక తెల్లచొక్కా. ఒక సాలు కొట్టి రావాలి, ఎవరి చొక్కా మీద తక్కువ మరకలుంటే వాళ్లది గెలుపు. నిన్నటి నిద్రమొహాలన్నీ ఈసారి నేనంటే నేనని ఎగబడ్డాయి.

వాళ్లలో ఒకాయన మహా మొండి. మందు కొట్టిన ప్రతిసారీ వాంతులు చేసుకుంటాడట, అయినా ముక్కుకు గుడ్డ కట్టడట. ఆయన భార్య అందరి ముందే పందెం కాసింది.

"ఓడిపోతే రేపట్నించి మాస్కు, గ్లౌజులు వేసుకోవాలయ్యా. గెలిచావా, ఇంక నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకపోతే అంతకంటే పండగేముందే," అన్నాడాయన.

గాలికి ఎదురెళ్లినవాళ్లు పసుపు రాసిన గడపల్లా తిరిగొచ్చి, ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. మొండాయన మాత్రం గాలివాలు చూసుకుని, ఓరగా నడిచి, నాలుగంటే నాలుగు చుక్కలతో వచ్చాడు. నా ఆటతో నేనే ఆవిడ నోరు కట్టేశానే అని ప్రాణం ఉసూరుమంది. ఆవిడ అన్నం క్యారేజీ తీసి ఆయన ముందు పెట్టింది. వాళ్ల చిన్నపిల్ల వచ్చి పక్కన చతికిలబడింది.

బోరు చేనుకు ఆ చివరెక్కడో ఉంటుంది. మందు కొట్టినవాళ్లెవరూ చేతులు కడుక్కోవడానికి అంత దూరం వెళ్లరు. ఆయనా అలవాటుగా తువ్వాలుకు చేతులు తుడుచుకుని పెరుగన్నం కలిపాడు. ఇంట్లోనైనా చేలోనైనా మొదటి ముద్ద కూతురిదే. గెలిచిన హుషారులో కబుర్లు చెబుతూ దాని నోటిదాకా చెయ్యి తీసుకెళ్లాడు.

"ఏరా, పెరుగన్నం పులిహోర అయిందేంది?" అన్నాడు పక్కాయన.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వబోయి ముద్ద వంక చూశాడు. పచ్చగా ఉంది. పిల్ల ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

ఆయన ముద్ద పారేసి, బోరు దాకా నడిచి, మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు. నా ముందు చెయ్యి చాపాడు.

"ఆ మాస్కు, గ్లౌజులు ఇటివ్వండి మేడమ్."

"గెలిచింది నువ్వేగదయ్యా," అంది భార్య.

"ఇన్నాళ్లూ ఈ చేత్తో దీనికి పెట్టిన ముద్దల సంగతేందే," అన్నాడాయన.