ఆదిశక్తిని ఏ గడప బయట కూర్చోబెట్టారు?

నా చిన్నప్పుడు, మా చర్ల వైపు పల్లెలకు సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ముత్యాలమ్మకు బోనం ఎత్తాలని నాకు మహా ఉబలాటంగా ఉండేది. పదమూడో ఏట ఆ వంతు వచ్చింది. సరిగ్గా ఆ పొద్దున్నే పెద్దమనిషినయ్యాను. చెబితే బోనం పోతుంది, గడప బయట ఓ మూల కూర్చోబెడతారు. అందుకే నోరు మెదపలేదు. బోనం కుండ నెత్తిన పెట్టుకుని నడిచి, గుడి దగ్గర దింపాను.

మర్నాడు తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు తగ్గలేదు. ఎవరో మైలతో గుడి తొక్కారని, అమ్మవారికి కోపం వచ్చిందని పక్కింటి పెద్దమ్మ అంది. తమ్ముణ్ణి చంపుతున్నది నేనే అనుకున్నాను. పశువుల కొట్టంలో దాక్కుని ఏడుస్తుంటే మా నాయనమ్మ చూసింది. ఆమెకు అంతా చెప్పేశాను.

గుడిలో అమ్మవారికి చీర కట్టేది మా నాయనమ్మే. నాలుగు తగిలిస్తుందనుకున్నాను. ఆమె గడ్డి మీద చతికిలబడి కథ ఎత్తుకుంది. భూమీ ఆకాశమూ లేనప్పుడు ఆదిశక్తి ఒక్కతే పుట్టి, ఒక్కతే పెద్దమనిషైందట. తర్వాత ముగ్గురు దేవుళ్లను పుట్టించి, తనను పెళ్లాడమందట. ఇద్దరు జడిసి తప్పుకున్నారు. మూడోవాడు ఆమె నుదుటి కన్ను అడిగి పుచ్చుకుని, దానితోనే ఆమెను కాల్చాడు. ఆ బూడిదలోంచే ముగ్గురికీ భార్యలు, ఊరూరా మగడు లేని అమ్మవార్లు పుట్టారట.

"మరి ఆమె పెద్దమనిషైననాడు ఏ గడప బయట కూసోబెట్టిండ్రే? గడపే లేకపాయె. గామెకు తెల్వని నెత్తురా నీది?" అంది. "నీ తప్పు ఒక్కటే, నాకు చెప్పకపోవుడు. పోరనికొచ్చింది దోమ జొరం. లే, జల్దీ దవాఖానాకు పోదాం."

ముగ్గురం ఆటోలో పోయాం. రక్తం పరీక్ష చేసి మలేరియా అన్నారు, మాత్రలిచ్చారు. మూడు రోజులకు వాడు లేచి పచ్చడన్నం అడిగాడు. ఆ ముద్దలు నేనే కలిపి పెట్టాను. పక్కింటి పెద్దమ్మతో నాయనమ్మ చాలాకాలం మాట్లాడలేదు. అది నా కోసమేనని నాకు తెలుసు.

ఇప్పుడు నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. ఏ పిల్లయినా పెద్దమనిషై, బెదిరిపోయి నా గది ముందు నిలబడితే, ఏం కావాలని అడగను. "నీ వల్ల ఎవరికీ ఏమీ కాదు బిడ్డా" అని ముందు చెబుతాను. ఆ ముఖాలు తేటపడటం చూసినప్పుడల్లా, ఆ రోజు నన్ను కొట్టంలోంచి లేపిన ముసలిదానికి మనసులోనే దండం పెట్టుకుంటాను.