చుక్కల అరలో దొరికిన చేను

మా ముత్తాత కూసుమంచి వైపు పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. ఆయన సంతలోకి వస్తుంటే కూర్చున్నవాళ్లు లేచేవారు. నేను భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యేచోట, ఒక స్వచ్ఛంద సంస్థలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. కంప్యూటర్లు ఆగకుండా నడిచేలా చూడటం నా పని.

రెండేళ్ల కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం ముత్తమ్మ అనే కోయ రైతు తడిసిన కొంగు కింద జీపీఎస్ యంత్రం దాచుకుని వచ్చింది. పోడు పట్టా కోసం దాన్ని పట్టుకుని తన చేను చుట్టూ నడిచింది. హద్దంతా అందులో ఉంది. తెల్లారితే గ్రామసభ, పటం చూపకపోతే చేను అడవి లెక్కలో కలిసిపోతుంది. వేరే యంత్రంతో మళ్లీ నడుద్దామంటే వాగు పొంగింది. యంత్రంలోని ఫైలేమో మా దగ్గర తెరుచుకోలేదు.

మా కంప్యూటర్లది యూనిక్స్ జాతి ఆపరేటింగ్ సిస్టమ్. దానికి పోర్ట్స్ కలెక్షన్ ఉంటుంది. వేల ప్రోగ్రాములను విషయాలవారీగా అరల్లో సర్దిన గోదాం అనుకోండి. కావలసినది వెతికి పట్టుకుంటే, అక్కడున్న సూచనలను బట్టి మన కంప్యూటరే దాన్ని తయారు చేసుకుంటుంది.

నేను పేరుతో వెతికాను. మా ఇంట్లో మనిషినైనా వస్తువునైనా ముందు పేరుతోనే గుర్తిస్తాం. ‘మ్యాప్’ అంటే కీబోర్డు అమరికలు వచ్చాయి, ఆటలు వచ్చాయి.

“మిషన్ ఇచ్చినోళ్లు సాఫ్ట్‌వేర్ పేరేమన్న చెప్పిన్రా, ముత్తమ్మా?”

“పేరు నాకేం ఎరుక సారూ. నేను నడిచిన తొవ్వ నీ డబ్బాల కనపడాలె. గంతే.”

కిటికీ అవతల టేకు చెట్లు వాన పొగలో ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. ‘మేక్ సెర్చ్’ అనే ఆదేశంలో పేరుకు బదులు ‘కీ’ అని ఇస్తే, ప్రతి ప్రోగ్రాముకూ ఉండే ఒక్క వాక్యపు వివరణలో కూడా వెతుకుతుంది. జీపీఎస్ అని కొట్టాను. నడిచిన దారుల ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ప్రోగ్రాం దొరికింది. అది ఉన్నది ఖగోళశాస్త్రం అరలో, గ్రహాల నడక లెక్కగట్టేవాటి మధ్య.

ఏడ దొరికిందని ముత్తమ్మ అడిగింది. చుక్కల దగ్గర అన్నాను.

“అయితే మంచిదే. ఫారెస్టు గార్డు గూడ ఆడికి ఎక్కలేడు.”

ఆ ప్రోగ్రాం తయారవుతున్నంతసేపూ, అంటే కంపైల్ అవుతున్నంతసేపూ, తెరమీద అక్షరాలు జారుతూనే ఉన్నాయి. బయటి వాన ఏదో, లోపలిది ఏదో తెలియనట్టుంది. చివరకు మార్చిన ఫైలు తెరిస్తే, చీకటి తెరమీద సన్నని గీత ఒకటి మెల్లగా తేలింది. ఒక మూల అది వంకర తిరిగింది. ముత్తమ్మ అక్కడ వేలు పెట్టి, ఇప్పచెట్టును చుట్టి వచ్చానని చెప్పింది. ఆ వేలు చాలాసేపు తీయలేదు.

ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చాను. మర్నాడు గ్రామసభ ఆమె హద్దును ఒప్పుకుంది.

ఇప్పుడు నేను ఏది వెతికినా, అది ఏం పని చేయాలో ముందు అనుకుంటాను. పేరు ఆ తర్వాత.

మరుసటి వేసవిలో తల్లాడ దగ్గర మాకు చివరగా మిగిలిన మామిడితోట అమ్మాం. కొన్నవాళ్లకు హద్దుల ఫైలు అదే ప్రోగ్రాంతో నేనే మార్చిచ్చాను.