అద్దె పుస్తకానికి ఆఖరి నాలుగు పేజీలు

మా పెద్దమ్మ ముప్పై ఏళ్లుగా అద్దె పుస్తకాల కొట్టు నడుపుతోంది. బస్టాండు వెనక సందులో, రెండు తలుపుల్లో ఒకటే తెరుచుకునే గది అది. పదో తరగతితో బడి మానేసిన నాకు చదువు మిగిలిందంటే ఆ గది వల్లే.

అద్దె పుస్తకాలకు ఒక జబ్బుంటుంది. ముందు అట్ట పోతుంది, తర్వాత ఆఖరి పేజీలు పోతాయి. సరిగ్గా హంతకుడు దొరికే చోట నవల తెగిపోతే పాఠకులు ఊరుకుంటారా? "ఇంతకీ చంపిందెవరమ్మా?" అని కొట్టు మీదికొచ్చేవారు. ఆ పాత నవలలకు ఇంకో ప్రతి దొరికేది కాదు. దాంతో పెద్దమ్మే కూర్చుని ముగింపు రాసేది. చేతిరాత చూస్తే జనం నమ్మరని, పక్క ప్రెస్సులో అక్షరాలు కూర్చే ముసలాయనతో అదే సైజులో అచ్చు వేయించి, పిండి జిగురుతో అతికించేది. అందుకు బదులుగా, కొట్లోకి ఏ కొత్త పుస్తకమొచ్చినా మొదట చదివేది ఆయనే. అలా పెద్దమ్మ పదకొండు నవలలు పూర్తి చేసింది. ఆయన పోయాక ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఈ మధ్య ఒక కాలేజీ మేడమ్ పాత డిటెక్టివ్ నవల ఒకటి తీసుకెళ్లి, వారం తిరక్కుండా పరిగెత్తుకొచ్చింది.

"చివరి అధ్యాయం ఎంత బాగుందండీ! డిటెక్టివ్ పెళ్లి చేసుకుందాం అంటే, టైపిస్టు పిల్ల కాదని చెప్పి ఎదురుగా సొంత ఆఫీసు తెరుస్తుంది. ఆ రోజుల్లో ఒక మగ రచయిత ఇలా రాశాడంటే మాటలా? సదస్సులో నా పత్రం దీని మీదే."

పెద్దమ్మ అద్దె లెక్క రాసుకుంది. మేడమ్ వెళ్లాక అడిగాను.

"నేనే రాశానని చెప్పొచ్చుగా పెద్దమ్మా?"

"ఇక్కడ చెబితే మనం ముగ్గురమే వింటాం. అక్కడ అందరి ముందూ చెబుతా. అది నాదని తెలియాలిరా."

అది చుట్టుపక్కల జిల్లాల సాహిత్యం, చరిత్ర మేష్టార్ల సదస్సు. 'జనం మెచ్చే సంస్కృతి' అని గుమ్మం మీద పెద్ద గుడ్డ కట్టారు. లోపల జనం అనదగినవాళ్లం మేమిద్దరమే. పేర్లు రాసుకునే అతను "మీది ఏ కాలేజీ అమ్మా?" అన్నాడు.

"బస్టాండు వెనక" అంది పెద్దమ్మ.

పదకొండింటికి ఉండాల్సిన మేడమ్ పత్రం మూడైనా రాలేదు. వేదిక మీద ఒకర్నొకరు పొగుడుకుంటున్నారు. పెద్దమ్మ కళ్లజోడు తీస్తుంది, తుడుస్తుంది, పెడుతుంది. నాలుగుసార్లు నీళ్ల కోసం లేచింది.

"ఇప్పుడేనా?"

"ఇంకా పరిచయాలే అవుతున్నాయి."

"వీళ్లకి వీళ్లు తెలీరేంట్రా?"

ఎట్టకేలకు మేడమ్ చదివింది. బాగా చదివింది. చప్పట్లు ఆగకముందే ముందు వరసలోంచి ఒక రిటైర్డు మేష్టారు లేచాడు.

"నా దగ్గర మొదటి ముద్రణ ఉంది. అందులో ఆ అమ్మాయి డిటెక్టివ్‌నే పెళ్లాడి టైపు మిషను అమ్మేస్తుంది. మీరు చదివింది ఎక్కడిదండీ?"

మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది.

పెద్దమ్మ లేచింది. "అది నేను రాశానండీ."

అక్కడక్కడా నవ్వులు. "ప్రశ్నలుంటే చీటీ మీద రాసి పంపండమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"ప్రశ్న కాదు బాబూ, జవాబు."

చిరిగిన పేజీల సంగతీ, ప్రెస్సు సంగతీ చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. మేడమే మెల్లగా అడిగింది. "మరి అసలు ముగింపు ఎందుకు మార్చారండీ?"

"మార్చలేదమ్మా. అసలుది నేను చూస్తేగా! రెండొందల పేజీలు కేసంతా లాక్కొచ్చిన పిల్ల ఆఖర్న మిషనెందుకు అమ్ముతుంది? ఆయన అలా రాసుంటే ఆ పిల్ల ఆయనకి అర్థం కాలేదన్నమాట."

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. "సరే, 'పాఠకుల చేర్పు' అని పత్రంలో ఒక మాట వేద్దాం. తర్వాతి పత్రం."

"చేర్పు కాదు. నేను రాశానని వేయండి."

"తర్వాత చూద్దాం, కూర్చోండి."

"చూసేదాకా నిలబడతా."

సినిమా హాస్యం గురించి ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ పత్రం మొదలుపెట్టాడు. ఆవిడ హాలు మధ్యలో నిలబడే ఉంది. "కాస్త కూర్చోండమ్మా, తెర కనబడట్లేదు" అని వెనకనుంచి గొణుగుడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. చెయ్యి పట్టి లాగబోయాను.

"వదలరా."

జనం కోసం పెట్టిన సభలో జనం లేచి నిలబడితే తెరకు అడ్డమట! నాకు ఒళ్లు మండిపోయి నేనూ లేచాను. వేదిక మీదాయన చదువుతున్న వరస తప్పి, చదివిందే మళ్లీ చదివాడు. అప్పుడు మేడమ్ దిగి వచ్చింది. తన పత్రంలో రచయిత పేరు కొట్టేసి, 'చివరి అధ్యాయం రాసింది' అని పెద్దమ్మ పేరు రాసి చూపించింది. పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదువుకుంది. అప్పుడు కూర్చుంది.

పత్రాలన్నీ పుస్తకంగా వేస్తామన్నారు. కలంతో రాసింది అచ్చులోకి వస్తుందని నాకు నమ్మకం లేదు. పెద్దమ్మకూ లేదు. అందుకే వారం వారం నన్ను ఆ కాలేజీకి తరుముతోంది. "ప్రూఫు వచ్చిందేమో చూసి రా. 'చేర్పు' అని ఉంటే నాకు ఫోన్ చెయ్యి, నేనే వచ్చి నిలబడతా."