శబ్దం తీసేసిన గురువారాలు

మా చర్చి సంఘంలో గురువారం మధ్యాహ్నం స్త్రీలకు బైబిలు వాక్యం కంఠస్థం చేయించే పని నాది. వచ్చేవాళ్లలో చదువు రానివాళ్లే ఎక్కువ. బీడీలు చుట్టేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, మగ్గం నేసే ఇళ్లవాళ్లు. నేను సగం వచనం చెబుతాను, వాళ్లు అంటారు. మిగతా సగం చెబుతాను, అంటారు. తర్వాత ఒక్కొక్కరు లేచి అప్పజెప్పాలి. ఎవరైనా ఆగిపోతే మొదటి మాట మాత్రం అందిస్తాను. మిగిలింది వాళ్ల నోటి నుంచే రావాలి. మా అమ్మ నాకు ఇలాగే నేర్పింది.

నిరుడు మందిరం మీది రేకులు తీసి స్లాబు పని మొదలుపెట్టారు. కూర్చోవడానికి జాగా లేదు. పాఠం ఆగిపోతుందని నేను దిగులుపడుతుంటే పాస్టరు అయ్యగారి కోడలు నా ఫోన్ తీసుకుని వీడియో మీటింగ్ పెట్టి చూపించింది.

"గింతేనక్కా. గిది ఒత్తితే అందరు కనవడ్తరు. గా ఎర్రది మాత్రం ఒత్తకు, మీటింగే బందైతది."

ఆ ఎర్ర గుర్తు నా గురువారాలను మింగేసింది. వందలమంది ముందు నిలబడి సాక్ష్యం చెప్పినదాన్ని, వంటింట్లో పప్పు డబ్బాకు ఆనించిన ఫోన్ ముందు చెమటలు కక్కేదాన్ని. మోకరించి ప్రార్థన చేసుకున్న తర్వాతే దాన్ని ముట్టుకునేదాన్ని. అయినా వేళ్లు వణికేవి.

మొదటి రోజు నా ముఖం తెర మీద సరిగా పడలేదు.

"టీచరమ్మా, నువ్వేడున్నవ్? మాకు గోడ కనవడ్తుంది!"

"గోడకే వందనాలు చెప్పుండ్రే, గదే నేర్పుతదేమో ఇయ్యాల!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాని కళ్లలో నీళ్లు తిరిగాయి. వచనం మొదలుపెడితే ఒకరి గొంతు ముందు, ఒకరిది వెనక వచ్చింది. మధ్యలో కుక్కర్ విజిల్, ఎవరింట్లోనో టీవీ. నేనేం చెబుతున్నానో నాకే వినబడలేదు. అయ్యగారి కోడలు తన ఫోన్ నుంచే అందరి శబ్దం తీసేసింది. "ఇగ చెప్పక్కా, ఎంత మంచిగుందో సూడు."

ఆ వారం నుంచి అలాగే సాగింది. నేను నిశ్శబ్దంలోకి సగం వచనం చెప్పేదాన్ని. చిన్న చిన్న గడుల్లో పెదవులు కదిలేవి. అప్పజెప్పడం ఆగిపోయింది. ఒక్కొక్కరి శబ్దం మళ్లీ తెరవాలంటే ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ ఏది పోతుందో అని నా భయం.

ఆ గడుల్లో ఒకదానిలో నారాయణరావుపేట అవ్వ ఉండేది. పెనిమిటి తాపీమేస్త్రీ. ఆయనకు చదువు వచ్చు. రోజూ పనికి పోయే ముందు ఒకే అధ్యాయం పైకి చదివేవాడు, ఆమె పొయ్యి దగ్గర వినేది. ఆయన చనిపోయాక, ఏడాది తిరిగేసరికి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటే ఆ అధ్యాయం తానే చెప్పాలని ఆమె కోరిక.

"ఎవలో సదువుడు గాదు టీచరమ్మా. నేనే నిలవడి సూడకుంట చెప్పాలె. ఇంట్ల గా మాటలు వినవడక మనసున వడ్తలేదు."

అందుకోసమే మందిరంలో ఆ అధ్యాయం మొదలుపెట్టాను. గురువారం గురువారం బస్సెక్కి వచ్చేది. సగం దాకా వచ్చింది. అప్పుడే రేకులు తీశారు. మిగతా సగం ఫోన్‌లోనే చెప్పాను. తన కోడలి ఫోన్ ఒళ్లో పెట్టుకుని, తెరకు ముఖం దగ్గరగా ఆనించి కూర్చునేది. అందరికన్నా ఎక్కువగా ఆమె పెదవులే కదిలేవి. అవ్వకు వచ్చేసిందని నిశ్చింతగా ఉన్నాను.

కూడిక వాళ్ల వాకిట్లోనే జరిగింది. టెంటు వేశారు, కుర్చీలు తెచ్చారు. కీర్తన పాడాక అయ్యగారు ఆమెను లేపారు. తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని కళ్లు మూసుకుంది. మొదటి వచనాలు చక్కగా వచ్చాయి, నేను ఆగే చోట ఆగుతూ, నేను ఊపిరి తీసే చోట తీస్తూ. నా గుండె పొంగింది. మందిరంలో చివరిసారి నేర్చిన వచనం అయిపోగానే ఆగింది.

నేను మొదటి మాట అందించాను. ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసింది. మళ్లీ అందించాను. రెండో మాటా అందించాను. ఆమె పెదవులు కదల్లేదు.

కొడుకు లేచి, "కూసోయే అవ్వా, ఏం గాదు," అని ఫోన్ తీశాడు. అందులో రికార్డు చేసిన ఎవరిదో గంభీరమైన గొంతు అధ్యాయమంతా తప్పులేకుండా చదివింది. అందరం తలలు వంచుకుని విన్నాం. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

భోజనాల వేళ ఆమె పక్కన కూర్చున్నాను. విస్తరి ముందు పెట్టుకుని కలపకుండా చూస్తోంది.

"అవ్వా, ఫోన్ల మంచిగ అంటుంటివి గద?"

"గది పాఠం గాదు బిడ్డా." విస్తరి అంచు సర్దింది. "నీ మాట తెగి తెగి వస్తుండె. నాకు అందకపోతుండె. నేను అంటె ఎవలు వినాలె? నువ్వేమో ఫోన్ ముట్టుకుంటె సాలు వణుకుతుంటివి. మొకమంత చెమట. బిడ్డ ఎట్ల భయపడ్తుందో, ప్రభువా, ఆమె భయం తీసెయ్యి అని ప్రార్థన జేస్తుంటి. ఇంకేం చెయ్యొస్తది నాకు?"

అన్ని గురువారాలు అంతే చేసిందా అని అడగాలనుకున్నాను, అడగలేకపోయాను. ఎర్ర గుర్తు మీద వేలు పడకుండా కాచుకోవడంలోనే నా చూపంతా ఉండేది. నా ప్రార్థనలన్నీ నా కోసమే ఉండేవి.

"రేపటి నుంచి నేనే వస్త అవ్వా. నీ ఇంటికే వస్త. మిగిలింది నేర్చుకుందాం."

ఆమె కోపంగా లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. అన్నం ముద్ద చేసి, నోట్లో పెట్టుకోకుండా పట్టుకుంది.

"ఇగ ఎందుకు టీచరమ్మా," అంది. "ఇయ్యాలటికే గద అనుకున్న."

ఆమె కోడలు చారు గిన్నెతో వచ్చింది. నాకు పొయ్యమని అవ్వ ఆమెకు సైగ చేసింది.